అడగందే అమ్మైనా పెట్టదు: అమెరికాలో మధుమేహ బాధితులు గొంతు విప్పిన కథ

మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, భోజనాల దగ్గర తప్పకుండా వచ్చే ప్రస్తావన షుగరు. "మీ ఏ1సి ఎంత?" అని ఒకరంటే, "మొన్న ఏడున్నర ఉంది, మెంతులు మొదలుపెట్టాను" అని ఇంకొకరంటారు. అరవై దాటినవాళ్ళు ఇంత ధారాళంగా మాట్లాడుకునే ఈ జబ్బు, పెళ్ళి కావలసిన పిల్లకో పిల్లాడికో వస్తే మాత్రం ఇంట్లో అందరి గొంతులూ తగ్గిపోతాయి. ఈ దేశంలో మధుమేహ వైద్యం ఇంత ముందుకు రావడానికి కారణం శాస్త్రవేత్తలూ డాక్టర్లూ మాత్రమే కాదు. జబ్బుతో బతుకుతున్నవాళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు గొంతు పెంచి అడగడం కూడా కారణమే. ఆ చరిత్ర మనకు అంతగా తెలియదు. తెలుసుకుంటే మన సంఘాలకు పనికొచ్చే సంగతులు అందులో చాలా ఉన్నాయి.

ఇన్సులిన్ రాకముందే బోస్టన్‌లో డాక్టర్ ఎలియట్ జోస్లిన్ 1918లో మధుమేహంపై ఒక చిన్న పుస్తకం వేశారు. అది వైద్యుడూ రోగీ కలిసి వాడుకోవడానికి అని పుస్తకం పేరులోనే చెప్పారు. తన జబ్బు గురించి బాగా తెలిసిన రోగి ఎక్కువకాలం బతుకుతాడన్నది ఆయన నమ్మకం. 1922 జనవరిలో టొరాంటోలో మొదటిసారిగా ఒక పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఇన్సులిన్ ఇచ్చారు. కనిపెట్టినవారు 1923లో పేటెంటు హక్కులను తలా ఒక్క డాలరుకు టొరాంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఈ ఒక్క డాలరును గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వద్దాం.

ఇన్సులిన్ వచ్చాక రోగులు బతికారు. కానీ వాళ్ళకు ఏం కావాలో ఎవరు చెప్పాలి? ఇంగ్లండులో 1934లో మధుమేహ సంఘాన్ని స్థాపించింది డాక్టర్ ఆర్.డి. లారెన్స్, రచయిత హెచ్.జి. వెల్స్. ఇద్దరూ మధుమేహం ఉన్నవారే. అమెరికాలో పద్ధతి వేరు. 1940లో ఏర్పడిన అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మొదట డాక్టర్ల సంఘం. అందులో సామాన్యులకు పూర్తి చోటు దొరికేసరికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. "రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే" అని మన సామెత. కోరేదేమిటో రోగిని అడిగితే కదా, రెండూ ఒకటో కాదో తెలిసేది!

1970లో పిల్లల తల్లిదండ్రులు ఆ పని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఫిలడెల్ఫియాకు చెందిన లీ డుకాట్ వంటి తల్లులు కలిసి జువెనైల్ డయాబెటిస్ ఫౌండేషన్ ప్రారంభించారు. ఇప్పుడు దాని పేరు బ్రేక్‌త్రూ టీ1డీ. జబ్బుతో సర్దుకుపోవడం నేర్పితే చాలదు, నయం చేసే పరిశోధన కావాలన్నది వాళ్ళ పట్టు. 1974లో కాంగ్రెస్ మధుమేహ పరిశోధన, విద్యల కోసం ప్రత్యేక చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన జాతీయ కమిషన్ దేశమంతా తిరిగి బహిరంగ విచారణలు జరిపి, 1975 చివరలో దీర్ఘకాలిక ప్రణాళికను సమర్పించింది. పరిశోధకులతో పాటు రోగులూ తల్లిదండ్రులూ ఆ విచారణల్లో తమ కష్టాలు చెప్పుకున్నారు. 1999 నుంచి ఇదే సంస్థ రెండేళ్ళకొకసారి పిల్లలను వాషింగ్టన్‌కు తీసుకువెళ్ళి కాంగ్రెస్ సభ్యుల ఎదుట మాట్లాడిస్తోంది. మన మహాసభలలాగే అదీ రెండేళ్ళ పండగే!

నాలాంటి ఇంజనీర్లకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే ఘట్టం రిచర్డ్ బెర్న్‌స్టీన్‌ది. ఆయన ఇంజనీరు. పన్నెండో ఏట మధుమేహం వచ్చింది. ముప్ఫైలలోకి వచ్చేసరికి ఒంట్లో ఒక్కొక్క భాగమే దెబ్బతినసాగింది. 1969 ప్రాంతంలో ఒక వ్యాపార పత్రికలో రక్తంలో చక్కెరను కొలిచే కొత్త యంత్రం ప్రకటన చూశారు. బరువు సుమారు మూడు పౌన్లు, ధర 650 డాలర్లు. దాన్ని డాక్టర్లకూ ఆసుపత్రులకూ తప్ప రోగులకు అమ్మేవారు కాదు. ఆయన భార్య డాక్టరు కావడంతో ఆమె పేరు మీద తెప్పించుకున్నారు. రోజుకు అయిదారుసార్లు కొలిచి, తిండినీ ఇన్సులిన్ మోతాదునూ కొద్దికొద్దిగా మార్చి, ఫలితాలు రాసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే డీబగ్గింగ్! ఆ అనుభవాన్ని వ్యాసంగా రాస్తే వైద్య పత్రికలు వేసుకోలేదు. ఎం.డి. అన్న రెండక్షరాలు లేకపోతే తన మాట ఎవరూ వినరని గ్రహించి, నలభై అయిదో ఏట, 1979లో మెడికల్ కాలేజీలో చేరారు. 2025లో తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూసేవరకు ఆయన మాట చెల్లుతూనే ఉంది. తక్కువ పిండిపదార్థాలు తినాలన్న ఆయన పథ్యంపై ఇవాళ్టికీ వాదాలున్నాయి. కానీ ఇన్సులిన్ వాడే రోగి ఇంట్లోనే చక్కెర కొలుచుకోవాలన్న మాటకు ఇప్పుడు ఎదురు చెప్పేవారు లేరు.

చక్కెరను అదుపులో పెడితే కళ్ళూ కిడ్నీలూ నిజంగా నిలుస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చింది 1983 నుంచి 1993 వరకు జరిగిన పెద్ద అధ్యయనం. అమెరికా, కెనడాల్లో టైప్ 1 మధుమేహం ఉన్న 1,441 మంది స్వచ్ఛందంగా అందులో చేరారు. గట్టిగా అదుపు చేసినవారిలో కంటి జబ్బు ముప్పు 76 శాతం తగ్గిందని తేలింది. దాదాపు అందరూ చివరిదాకా నిలిచారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు. అయినా ఇవాళ మన డాక్టరుగారు ఏ1సి ఏడు లోపల ఉండాలని చెప్పడం వెనుక ఆ 1,441 మంది సూదిపోట్లు ఉన్నాయి.

2013లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ కాస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తన చిన్న కొడుకు ఒంటికి అమర్చిన గ్లూకోజు సెన్సార్ అంకెలను ఆఫీసులో కూర్చుని ఫోనులో చూసుకునేలా ఒక ప్రోగ్రాం రాశారు. పరికరం చేసిన కంపెనీ అప్పటికి ఆ సౌకర్యం ఇవ్వలేదు. మరికొందరు ఇంజనీర్లు, తల్లిదండ్రులు తోడై దాన్ని నైట్‌స్కౌట్ పేరుతో అందరికీ ఉచితంగా పంచారు. "మేం ఇక ఆగం" అన్నది వాళ్ళ నినాదం. 2015 జనవరిలో ఆ కంపెనీ కూడా ఇలాంటి సదుపాయానికి ప్రభుత్వ అనుమతి పొందింది. సియాటిల్‌లో డేనా లూయిస్, స్కాట్ లైబ్రాండ్ దంపతులు సెన్సార్‌నూ ఇన్సులిన్ పంపునూ కలిపి, మోతాదు దానంతటదే సర్దుకునే ఏర్పాటు చేసుకుని, 2015లో ఆ పద్ధతిని లోకానికి విప్పి చెప్పారు. ఇలా వాడేవాళ్ళే తయారు చేసుకున్న మరో ప్రోగ్రాం లూప్. దాని ఆధారంగా ఒక లాభాపేక్ష లేని సంస్థ రూపొందించిన యాప్‌కు 2023 జనవరిలో ఎఫ్.డి.ఎ. అనుమతి వచ్చింది.

ఇప్పుడు ఆ ఒక్క డాలరు దగ్గరకు వద్దాం. 1996లో హ్యూమలాగ్ ఇన్సులిన్ సీసా అచ్చు ధర 21 డాలర్లు. రెండు దశాబ్దాల్లో అది 275 డాలర్లకు చేరింది. మిన్నెసోటాలో అలెక్ స్మిత్ అనే యువకుడు 26 ఏళ్ళు నిండగానే తల్లి ఇన్సూరెన్సు నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇన్సులిన్ కొనలేక పొదుపుగా వాడుకుని, నెల తిరక్కముందే 2017 జూన్‌లో చనిపోయాడు. అతని తల్లి నికోల్ స్మిత్-హోల్ట్ కుమిలిపోతూ ఇంట్లో కూర్చోలేదు. చట్టసభల చుట్టూ తిరిగారు, కంపెనీల ముందు నిలబడ్డారు. 2020 ఏప్రిల్‌లో ఆమె కొడుకు పేరు మీదే చట్టం వచ్చింది. అత్యవసరమైతే నెలకు సరిపడా ఇన్సులిన్‌ను 35 డాలర్లకు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. 2023 జనవరి నుంచి మెడికేర్‌లో ఉన్నవారికి ఇన్సులిన్ ఖర్చు నెలకు 35 డాలర్లు దాటకూడదన్న నియమం అమలులోకి వచ్చింది. అదే ఏడాది మార్చిలో పెద్ద కంపెనీలు మూడూ ధరలు తగ్గిస్తామని ప్రకటించాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. వేదిక మీద రోగిని కూర్చోబెట్టినంత మాత్రాన రోగి మాట చెల్లినట్టు కాదు. ఫొటో కోసం పిలిచి, నిర్ణయాలన్నీ ముందే తీసుకోవడమూ ఉంది. మందుల కంపెనీల సొమ్ముతో నడిచే సంఘం మందుల ధర గురించి ఎంత గట్టిగా మాట్లాడగలదన్న ప్రశ్నా ఉంది. అందుకే టీ1 ఇంటర్నేషనల్ అనే సంస్థ ఆ కంపెనీల నుంచి విరాళాలు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. ఎవరు మాట్లాడుతున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎవరి ఖర్చు మీద మాట్లాడుతున్నారన్నదీ అంతే ముఖ్యం.

మరి మన సంగతి? జోస్లిన్ ఉన్న అదే బోస్టన్‌కు 1923లో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు వచ్చారు. స్ప్రూ వ్యాధికి సోదరులను పోగొట్టుకున్న మనిషి ఆయన. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది. ఇంట్లో పడిన దెబ్బ పరిశోధనకు దారి చూపడం మనకు కొత్త కాదు. 2010లో మొదలైన మసాలా అధ్యయనంలో షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల దక్షిణాసియా వాసులు 906 మంది మొదటి విడతలో చేరారు. మనవాళ్ళు లావుగా లేకపోయినా షుగరు బారిన పడతారని ఇలాంటి అధ్యయనాలు గట్టిగా చెప్పాయి. ఆసియా సంతతివారికి బి.ఎం.ఐ. 25 దాకా ఆగకుండా 23 దగ్గరే పరీక్ష చేయాలని ఆసియా అమెరికన్ సంఘాలు అడిగాయి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆ మాటను తన మార్గదర్శకాల్లో చేర్చింది. "సన్నగానే ఉన్నారుగా, మీకెందుకు?" అని ఎవరైనా అంటే, ఈ 23 అంకె చెప్పండి.

మన సంఘాలలో సేవాభావంతో ఉచిత వైద్య శిబిరాలు నిర్వహించే డాక్టర్లకు మనమంతా ఋణపడి ఉన్నాం. వారిని నేను కోరేది ఒక్కటే. ఆరోగ్య కమిటీలో జబ్బుతో బతుకుతున్న ఇద్దరికి చోటివ్వండి. శిబిరం అయ్యాక కాదు, శిబిరంలో ఏం ఉండాలో నిర్ణయించేటప్పుడే. ఇన్సూరెన్సు లేని విద్యార్థి ఇన్సులిన్‌కు ఎక్కడికి వెళ్ళాలి? ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నల మందులు అయిపోతే ఏం చేయాలి? అన్నం, గోంగూర పప్పు, పెరుగు తినేవాళ్ళకు పిండిపదార్థాల లెక్క ఎవరు కట్టిపెడతారు? ఆ ప్రశ్నలు అడగగలవారు వాళ్ళే. షుగరు ఉన్న పాతికేళ్ళ అమ్మాయి మన వేదికెక్కి, పేరు చెప్పుకుని, నిర్భయంగా మాట్లాడగలిగిన రోజు మన సగం పని అయినట్టే. అడగందే అమ్మైనా పెట్టదు. అడిగేవాళ్ళకు ముందు మనమే కుర్చీ వేద్దాం.