పడ్డ రెక్కకు ముందు

"ముందుగాల పడ్డ రెక్కకు తొడుగు బిడ్డా. ఇడిశేటప్పుడు ఆ రెక్కది ఆఖరుకు ఇడువు."

పక్షవాతంతో కుడిపక్క చచ్చుబడిన మా అమ్మకు రవిక ఎట్లా తొడగాలో నాకు నేర్పిన మాటలివి. చెప్పింది డాక్టరు కాదు, నర్సు కాదు. నగరంలో ఒక ఆసుపత్రి థెరపీ గదిలో పనిచేసే నడివయసు మనిషి. అందరూ ఆమెను ఆయా అనేవాళ్ళు. అంతకుముందు ఇరవై రోజులు చెన్నూరులో మా ఇంట్లో నేనూ మా వదినా అమ్మను మంచం మీంచి లేపాల్సి వచ్చినప్పుడల్లా ఆ పడిపోయిన చేతినే పట్టుకుని లాగాం. బలం పోయిన కండరాలు కీలును పట్టి ఉంచలేవనీ, అట్లా గుంజితే భుజం జారుతుందనీ మాకు తెలియదు. రాత్రుళ్ళు అమ్మ ఏడుస్తుంటే రోగం నొప్పి అనుకున్నాం. మేం పెట్టిన నొప్పి అని తర్వాత తెలిసింది.

డిశ్చార్జి కాగితంలో డాక్టర్ల పేర్లున్నాయి, మందుల పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం నా ఒక్కదాని మరుపు కాదనీ, దానికో చరిత్ర ఉందనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ఆమె చేసిన పనిని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. తెలుగులో దీన్ని "వృత్తి చికిత్స" అని అనువదించినప్పుడల్లా అపార్థం మొదలవుతుంది. వృత్తి అనగానే మనకు కులవృత్తి గుర్తొస్తుంది, లేదంటే జీతమొచ్చే ఉద్యోగం. ఈ వైద్యంలో ఆక్యుపేషన్ అంటే మనిషి తన రోజును నింపుకునే పనులన్నీ. అన్నం కలుపుకోవడం, తల దువ్వుకోవడం, చీర కుచ్చిళ్ళు పోసుకోవడం, బియ్యంలో రాళ్ళేరడం, ముగ్గు వేయడం. ఒక పనిని చిన్నచిన్న కదలికలుగా విడదీసి, ఏ కదలిక పోయిందో చూసి, ఆ పని ద్వారానే దాన్ని తిరిగి తెచ్చుకోవడమో, తిరిగి రానప్పుడు వేరే దారి వెతుక్కోవడమో ఇందులోని పద్ధతి. చెంచా పిడికి గుడ్డచుట్టి లావు చేస్తే పట్టులేని పిడికిలి కూడా దాన్ని పట్టుకోగలుగుతుంది. అంటే, "అదీ ఒక పనేనా" అని సమాజం తీసిపారేసిన ఇంటిపనులే ఇక్కడ మందు. ఈ మందును తయారుచేసింది ఎవరు?

1917 మార్చిలో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఈ వృత్తికి మొదటి జాతీయ సంఘం పెట్టినప్పుడు స్థాపకులు ఆరుగురు. వారిలో ముగ్గురు స్త్రీలు: ఎలినార్ క్లార్క్ స్లేగిల్, సుసాన్ కాక్స్ జాన్సన్, ఇసబెల్ న్యూటన్. కొద్దిరోజులకే అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. గాయపడిన సైనికులకు చేతిపనుల ద్వారా చికిత్స చేయడానికి వందలాది స్త్రీలను చేర్చుకున్నారు. వాళ్ళకు పెట్టిన పేరు "రికన్‌స్ట్రక్షన్ ఎయిడ్లు". ఎయిడ్ అంటే సహాయకురాలే. యుద్ధరంగానికి దగ్గరి ఆసుపత్రుల్లో పనిచేసినా వాళ్ళకు సైనిక హోదా ఇవ్వలేదు. ఒక కొత్త వైద్యాన్ని తమ చేతుల్లో పెంచిన స్త్రీలు ఆ వైద్యానికి సహాయకులుగానే నమోదయ్యారు.

తర్వాత థెరపిస్టులు చదువులు పెంచుకున్నారు, పరీక్షలు పెట్టుకున్నారు, గుర్తింపు కోసం పోరాడారు. అది అవసరమైన పోరాటమే. అయితే ఒక మెట్టు పైకెక్కినప్పుడు కింది మెట్టు మీద ఇంకొకరు నిలబడాల్సి వచ్చింది. 1950ల చివర్లో అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అనే కొత్త శ్రేణికి శిక్షణ మొదలుపెట్టారు. ముందుగా మానసిక వైద్యశాలల్లో అప్పటికే ఆ పనులు చేస్తున్నవాళ్ళ కోసం. రోగిని పరీక్షించి ప్రణాళిక వేసేది థెరపిస్టు. ఆమె పర్యవేక్షణలో దాన్ని రోగితో రోజూ చేయించేది అసిస్టెంటు. ఇప్పుడక్కడ ఇది సుమారు రెండేళ్ళ చదువు. శరీర నిర్మాణం, నాడీవ్యవస్థ, మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చే పద్ధతి, చేతికి బద్దలు కట్టడం, చేసింది రాసిపెట్టడం నేర్పుతారు. చివర్లో 16 వారాలు పూర్తికాలం రోగుల మధ్య పనిచేయాలి. ఈ మెట్ల వరసను నేను విమర్శిస్తాను. కానీ అక్కడ అసిస్టెంటుకు చదువుంది, పరీక్ష ఉంది, సంతకం ఉంది. ఆ సంతకం విలువ నాకు మా అమ్మ భుజం నేర్పింది.

మన దేశానికి ఈ విద్యను తెచ్చిందీ ఒక స్త్రీయే. 1900లో అమెరికాలో ఎలిజబెత్ లండీగా పుట్టి, విష్ణు నింబ్కర్‌ను పెళ్ళిచేసుకుని, కమలా నింబ్కర్‌గా ఇక్కడే స్థిరపడింది. నడివయసులో తిరిగి ఫిలడెల్ఫియాకు వెళ్ళి ఈ విద్య చదువుకుని వచ్చింది. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె ప్రారంభించిన పాఠశాల ఆసియాలోనే మొదటిది. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడు పది దేశాలు కలిసి పెట్టుకున్న ప్రపంచ సమాఖ్యలో ఇండియా ఒకటి. 1950లు ముగిసేలోపు నాగపూర్‌లోనూ పాఠశాల వచ్చింది.

నాగపూర్ పేరు చూసి ఆగిపోయాను. చెన్నూరు నుంచి బస్సులో మంచిర్యాల చేరి రైలెక్కితే, బల్లార్షా మీదుగా నేరుగా పోయే ఊరది. మా వైపు జనం పనులకూ ఆసుపత్రులకూ పోతూ వచ్చిన దారే. కానీ ఆ రైలెక్కి ఈ చదువుకు పోయిన ఆడపిల్ల మా వైపు నుంచి ఒక్కతె కూడా నాకు ఎదురుపడలేదు. దూరం ఒక్కటే కారణం కాదు. ఇటువంటి చదువొకటి ఉందన్న సంగతే ఊరికి చేరలేదు.

అయితే ఈ పని ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చిన స్కాట్లండ్ డాక్టర్ ఇసబెల్ కెర్ ఆధ్వర్యంలో 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. మందు రోగాన్ని ఆపినా స్పర్శ పోయిన చేతినీ వంగిపోయిన వేళ్ళనీ బాగుచేయదు. ఆ చేతుల కోసం వెల్లూరులో పాల్ బ్రాండ్ శస్త్రచికిత్సలు చేశాడు. కోలుకున్నవాళ్ళు పని నేర్చుకోవడానికి 1951లో అక్కడే ఒక కేంద్రం పెట్టారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న డాక్టర్ మేరీ వర్గీస్ 1954 ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడినా, చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసింది. 1966లో వెల్లూరు పునరావాస కేంద్రాన్ని మొదలుపెట్టింది. ఈ పేర్లన్నీ చరిత్రలో ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత ఒక్కో వేలినీ రోజూ వంచి చాపించినవాళ్ళ పేర్లు, పుండ్లు కడిగి కట్లు కట్టినవాళ్ళ పేర్లు మాత్రం తేలిగ్గా దొరకవు. కుష్ఠు ఆసుపత్రుల్లో ఆ పని చేసినవాళ్ళలో చాలామంది అంతకుముందు అక్కడి రోగులే.

"మనకు తెలియని మన చరిత్ర" రాసిన స్త్రీశక్తి సంఘటన 1986లోనే మనకు ఒక పద్ధతి చూపింది. కాగితాల్లో లేని స్త్రీల దగ్గరికి పోయి, వాళ్ళనే అడగాలి. సాయుధపోరాటంలో తిరిగిన స్త్రీల గురించి ఆ పని జరిగింది. సేవచేసిన చేతుల గురించి ఇంకా జరగాల్సే ఉంది.

అడగాల్సింది ఎవరిని? చెన్నూరు చుట్టూ చూస్తే చాలు. ఇటు మందమర్రి, రామకృష్ణాపూర్ బొగ్గుబాయిలు. బాయిలో దెబ్బతిని మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుడి బదులు కొడుక్కో అల్లుడికో ఉద్యోగమొచ్చిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అతన్ని లేపి కూర్చోబెట్టి, కడిగి, తినిపించే ఉద్యోగం భార్యది. దానికి నియామక పత్రం ఉండదు. అటు తునికాకు, బీడీలు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టే పనిలో ఏ వేలు ఏం చేస్తుందో బీడీలు చేసే ఆడవాళ్ళకు తెలిసినంత బాగా ఏ పాఠ్యపుస్తకానికీ తెలియదు. వేళ్ళ పట్టు గురించి నేర్పాల్సినవాళ్ళే తమ వేళ్ళ తిమ్మిరికి ఎవరి దగ్గరికి పోవాలో తెలియక బామ్ రాసుకుంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో పెట్టిన భవిత కేంద్రాల్లోనూ ఇదే వరస. ఫిజియోథెరపీ శిబిరం వారానికో రోజు. మిగిలిన రోజుల్లో పిల్లవాడి చేయి కదిలించేది టీచరు, ఆయా, తల్లి.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో ఆక్యుపేషనల్ థెరపీకి చోటుంది. టెక్నీషియన్, అసోసియేట్ స్థాయికి కనీసం 2000 గంటల చదువు, వృత్తినిపుణుల స్థాయికి 3600 గంటలు కావాలని చట్టం చెబుతుంది. చదవగానే నేను లెక్క వేశాను. మా వదిన రోజుకు నాలుగు గంటల చొప్పున మూడేళ్ళు అమ్మకు చేసింది. 4380 గంటలు.

ఆ లెక్క చూపించి మా వదినే అసలైన థెరపిస్టు అని రాస్తే ఈ వ్యాసం చక్కగా ముగుస్తుంది. కానీ అది అబద్ధం. ఆ గంటల్లో మొదటి ఇరవై రోజులు మేం అమ్మ భుజం జార్చాం. స్త్రీలకు సేవ పుట్టుకతోనే వస్తుందన్న నమ్మకం వల్లే మాకెవరూ నేర్పలేదు, మేమూ అడగలేదు. ఆ నమ్మకం వల్లే థెరపీ గదిలో ఉన్న మనిషికి జీతం ఆయాది, పని మాత్రం అసిస్టెంటుది. స్త్రీల సేవను పొగిడే మాటలు మనకు ఎన్నో ఉన్నాయి. కరువల్లా ఆ సేవకు శిక్షణకే.

నేను కోరేది పెద్దది కాదు. పదో తరగతో ఇంటరో చదివి బీడీలు చుడుతున్న అమ్మాయికి చెన్నూరు లాంటి ఊళ్ళో, తెలుగులో, స్టైపెండ్ ఇచ్చి ఈ పని నేర్పాలి. నేర్చుకున్న దానికి సర్టిఫికెట్, జీతం, పైచదువుకు దారి ఉండాలి. ఇంట్లో చేసే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఆమె నేర్పాలి. మా అన్న కూడా నేర్చుకోవాల్సింది.

అమ్మ ఎడమచేత్తో బియ్యం ఏరడం మొదలుపెట్టింది, కుడిచేయి చాట అంచున ఆనించి. అది చెబుదామని మళ్ళీ ఆ ఆసుపత్రికి పోయాను. థెరపీ గదిలో వేరే మనిషి ఉంది. పాత ఆయా మానేసిందన్నారు. పేరేమిటని అడిగాను.

"ఆయానే అనేటోళ్ళం అక్కా," అంది ఆమె.

ఈసారి ఈమె పేరు అడిగి తెలుసుకున్నాను.