మెత్తని కత్తి

అత్త మెత్తన, కత్తి మెత్తన ఉండవని సామెత. ఈ సామెత కట్టిన మహానుభావుడెవరో గాని ఒకే దెబ్బకు ఇద్దరి పరువూ తీశాడు. అత్తగార్ల తరఫున వాదించడానికి ఈ పేజీ చాలదు. కత్తి తరఫున మాత్రం నాలుగు మాటలు చెప్పొచ్చు. ఎందుకంటే మెత్తని కత్తి నిజంగానే ఉంది. పొద్దున్నే అద్దం ముందు నురగ పూసుకుని నిలబడే మన మగవాళ్ళ చేతిలోని సేఫ్టీ రేజరే అది.

పాత రేజర్లంటే సరదా ఉన్నవాళ్ళు నలుగురు కూడినచోట వాళ్ళ మాటలు వినాలి. "అది మరీ మెతకండీ" అంటాడు ఒకాయన. "ఇది మహా దూకుడు, కాస్త ఏమరితే చర్మం లేచిపోతుంది" అంటాడు ఇంకొకాయన. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి పిల్లవాడి గుణగణాలు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది వరస. లోహపు ముక్కకు మెతకదనం ఏమిటి, దూకుడు ఏమిటి అని మనకు నవ్వొస్తుంది. కానీ ఆ తేడా ఉత్త ఊహ కాదు, కొలిచి చూపించగలిగిన తేడా. దాని వెనక పెద్ద కథే ఉంది.

రేజరు రాకముందు కత్తి ఉండేది గాని, మెతకదనం కత్తిలో ఉండేది కాదు. సంగారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లోనైనా, గోదావరి ఒడ్డునైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. వారానికో పది రోజులకో క్షురకుడు పొది చంకన పెట్టుకుని వచ్చేవాడు. వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, చెంపలకు నీళ్ళు అద్ది, కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి పని మొదలుపెట్టేవాడు. హైదరాబాదు వైపు ఆ కత్తినే ఉస్తరా అంటారు. కూలి చాలాచోట్ల డబ్బుల్లో కాదు, పంట ఇంటికొచ్చినప్పుడు గింజల్లో. అడ్డూ ఆపూ లేని కత్తిని గొంతు మీద పెట్టించుకుని నిశ్చింతగా కళ్ళు మూసుకునేవారంటే ఆ నమ్మకం కత్తి మీద కాదు, చేతి మీద. తెగితే తప్పు చేతిదే, తెగకపోతే మంచి పేరూ చేతిదే.

ఆ చేతి నేర్పును పనిముట్టులోకి ఎక్కించాలని పడమటి దేశాల్లో చాలామంది తంటాలు పడ్డారు. 18వ శతాబ్దంలో పెరే అనే ఫ్రెంచి కత్తుల పనివాడు కత్తికి కొయ్య తొడుగు వేసి, అంచు మాత్రం కాస్త బయటికి కనిపించేలా చేశాడు. వడ్రంగి చిత్రికను చూసి ఆయనకా ఆలోచన తోచిందంటారు. 1847లో హెన్సన్ అనే ఇంగ్లీషాయన కత్తికి అడ్డంగా పిడి అమర్చాడు, మన పారకు ఉన్నట్టు. 1880లో న్యూయార్కులో కాంఫె సోదరులు తమ రేజరుకు 'సేఫ్టీ' అని పేరు పెట్టారు. అన్నీ బాగానే ఉన్నాయి గాని, మందపాటి కత్తిని సాన పట్టే బెడద మాత్రం ఎవరికీ తప్పలేదు.

ఆ బెడదను తీర్చినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్. సీసా మూతల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగి సరుకు అమ్మే ఉద్యోగి. వాడి పారేసే పల్చటి బ్లేడు చెయ్యాలన్న ఆలోచన ఆయనకు 1895లో వచ్చింది. అంత పల్చటి ఉక్కుకు పదును నిలవదని తెలిసినవాళ్ళు కొట్టిపారేశారు. చివరికి నికర్సన్ అనే ఇంజనీరు సాధించాడు. 1901లో కంపెనీ పుట్టింది. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు, అంతే! మరుసటి ఏడు రేజర్ల లెక్క 90 వేలు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. యుద్ధం ముగిసి ఇళ్ళకు చేరిన కుర్రాళ్ళతోపాటు ఆ అలవాటూ ఇంటికొచ్చింది. వేరొకరి చేతిలో ఉన్న కత్తి ఎవరి చేతికి వారికి వచ్చేసింది. నేర్పు మాత్రం కత్తితోపాటు రాలేదు. ఆ లోటు పూడ్చడానికే మెతక రేజర్లూ, దూకుడు రేజర్లూ పుట్టాయి.

ఇంతకీ ఈ మెతకదనం ఎక్కడుంటుంది? మన వంటింట్లో తొక్క తీసే పీలరును గుర్తు చేసుకోండి. ఒక పీలరు దోసకాయ తొక్కను ఉల్లిపొరలా తీస్తుంది. ఇంకోటి తొక్కతోపాటు సగం కాయను కూడా లాక్కుపోతుంది. పదునులో తేడా లేకపోవచ్చు. అంచుకూ దాని పక్కనున్న పట్టీకీ మధ్య సందు ఎంత, అంచు ఎంత బయటికి పొడుచుకొచ్చింది అన్నదే తేడా. రేజరులోనూ అంతే. బ్లేడు కింద ఉండే కమ్మీకీ, బ్లేడు అంచుకూ మధ్య సందు సామాన్యంగా ఒక మిల్లీమీటరుకు లోపే. ఆ కాస్తలో గోరంచు పెరిగినా ముఖానికి తెలిసిపోతుంది. కమ్మీ, పైమూత రెండూ చర్మాన్ని ముందుగా తాకి, అంచు వాటి చాటున ఉంటే రేజరు మెతక. అంచు ముందుకొచ్చి తొంగిచూస్తే దూకుడు. బ్లేడును అంచు దాకా గట్టిగా బిగబట్టిందా లేదా అన్నది ఇంకొకటి. వదులుగా ఉంటే బ్లేడు వణుకుతుంది. వణికే బ్లేడు గీయదు, గీరుతుంది.

కంపెనీలు ఈ సంగతి పట్టుకుని రకరకాలు వదిలాయి. 1938లో జిల్లెట్ 'టెక్' అనే రేజరు తెచ్చింది. మెతకదనానికి ఇవాళ్టికీ దాన్నే ఉదాహరణగా చెబుతారు. 1955లో అదే కంపెనీ ఒకే నమూనాను మూడు తరగతులు చేసింది. పిడి కొసన నీలం రంగుంటే పల్చని గడ్డానికి, ఎరుపు రంగుంటే మొండి గడ్డానికి, ఏ రంగూ లేనిది నడిమి రకానికి. 1958లో ఇంకో అడుగు వేసి, మెడ దగ్గర తిప్పే బిళ్ళ ఒకటి పెట్టి దానిమీద 1 నుంచి 9 దాకా అంకెలు వేశారు. 1 మీద పెడితే సాధువు, 9 మీద పెడితే దూర్వాసుడు. ఫ్యాను రెగ్యులేటరు లాగా ఎవరి కోపం వారు ఎంచుకోవడమే!

అంతమాత్రాన మెతకదే మంచిదని తీర్పు చెప్పేయకండి. ఇక్కడే ఉంది చిక్కు. బాగా దట్టమైన గడ్డానికి మరీ మెతక రేజరు వాడితే అది ఒక్కసారికి తెగదు. ఆయన విసుక్కుని అదే చోట ఐదారుసార్లు లాగుతాడు, అదిమి లాగుతాడు. గాటు పడదు గాని చెంప మాత్రం మిరపకాయ రాసినట్టు మండుతుంది. దూకుడు రేజరును తేలిక చేత్తో పట్టుకున్నవాడు రెండు వరసల్లో పని ముగించి చల్లగా లేస్తాడు. అంటే మెతకదనంలో సగం రేజరుది, సగం చేతిది. పైకి సౌమ్యంగా మాట్లాడుతూ రోజంతా సతాయించేవాళ్ళూ, ఒక్క మాట గట్టిగా అని ఊరుకునేవాళ్ళూ మనకు తెలియనివాళ్ళా?

ఇహ మన సంగారెడ్డి వైపు వద్దాం. 1960ల మధ్యలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. పని మొదలుపెట్టింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిసింది. ఆ తరవాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ పెరిగాయి. పొలం పనికి వారానికోసారి గడ్డం చాలు. షిఫ్టు పనికి చాలదు. మంగళవారం మన క్షౌరశాలలకు సెలవు, సైరనుకు మాత్రం సెలవు లేదు. తెల్లవారుజామున మసక వెలుతురులో, బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో ఎవరి గడ్డం వాళ్ళే గీసుకోవాలి.

దీనికి తోడు మరో సంగతి. రసాయనాలు, మందులు తయారయ్యే కర్మాగారాల్లో ముఖానికి బిగుతుగా అతుక్కునే శ్వాస ముసుగు వేసుకోవలసిన పనులుంటాయి. ముసుగు అంచుకూ చర్మానికీ మధ్య వెంట్రుకలుంటే ఆ సందుల్లోంచి చెడ్డ గాలి లోపలికి వస్తుంది. అందుకే అలాంటి పనికి ముసుగు ఆనేచోట గడ్డం నున్నగా ఉండాలన్నది ప్రపంచమంతటా పాటించే జాగ్రత్త. ఇక్కడ గడ్డం గీసుకోవడం సోకు కాదు, ఊపిరితిత్తుల రక్షణ. రోజూ గీయాలి, రోజూ గీసినా చర్మం పుండు కాకూడదు. చెంప మంటతో ఆ రబ్బరు ముసుగు ఎనిమిది గంటలు పెట్టుకున్నవాడినడగండి, మెతక రేజరు విలువేమిటో చెబుతాడు.

మన దేశపు మగవాళ్ళ అలవాట్లు తెలుసుకోకపోతే ఎంత పెద్ద కంపెనీ అయినా బోల్తా పడుతుందనడానికి ఒక ముచ్చట ఉంది. జిల్లెట్ వాళ్ళు భారతదేశం కోసం ఒక రేజరు తయారుచేసి, అమెరికాలో చదువుకుంటున్న మన కుర్రాళ్ళ చేత వాడించి చూశారు. భేషుగ్గా ఉందన్నారు. తీరా ఇక్కడికి తెస్తే పని చెయ్యలేదు. అక్కడ కుళాయి నీళ్ళ ధార కింద రేజరు కడుక్కున్నారు. ఇక్కడ నేల మీద కూర్చుని, ఒక గ్లాసు నీళ్ళు, చిన్న అద్దం పెట్టుకుని గీసుకునేవాళ్ళే ఎక్కువ. సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుని రేజరు మొరాయించింది. అప్పుడు ఇళ్ళకొచ్చి, మనవాళ్ళు గీసుకునే తీరు కళ్ళారా చూసి, గాటు పడకుండా పెద్ద దువ్వెన లాంటి అడ్డుపట్టీతో ఒకే బ్లేడు రేజరు చేసి 2010లో 15 రూపాయలకు అమ్మారు. మెతకదనం లెక్కలో గ్లాసు నీళ్ళనూ, గుడ్డి దీపాన్నీ కూడా కలపాలని అప్పటికి తెలిసొచ్చింది.

ఆడవాళ్ళకు ఈ గొడవతో ఏం పని అంటారా? 1915లోనే జిల్లెట్ కంపెనీ ఆడవాళ్ళ కోసమని ప్రత్యేకంగా రేజరు చేసి అమ్మింది. మన ఇళ్ళల్లోనైతే బ్లేడు మొదట మగవాళ్ళదే అయినా, రెండో జన్మ మన చేతుల్లోనే. జాకెట్టు కుట్లు విప్పడానికీ, పిల్లల పెన్సిళ్ళు చెక్కడానికీ పాత టోపాజ్ బ్లేడును మించిన సాధనం ఏ ఇంట్లో ఉండేది? అడ్డుపట్టీ లేని ఆ బ్లేడును వేళ్ళు తెగకుండా వాడిన నేర్పుకు ఎవరూ బిరుదులివ్వలేదు, అంతే తేడా.

ఇప్పుడు అసలు మాట. పక్షవాతం వచ్చిన మామగారికో, చెయ్యి వణికే నాన్నగారికో గడ్డం గీయవలసిన రోజు చాలా ఇళ్ళల్లో వస్తుంది. ఆ పని ఎక్కువగా కోడలి మీదో, కూతురి మీదో పడుతుంది. అప్పుడు ఈ మెతక, దూకుడు తేడా మనకే కావాలి. ముసలివాళ్ళ చర్మం పల్చన, పైగా వదులు. కనక మెతక రేజరే తీసుకోండి, కొత్త బ్లేడే వెయ్యండి. మొండి బ్లేడే ఎక్కువ గాయం చేస్తుంది. గోరువెచ్చని నీళ్ళ గుడ్డ రెండు మూడు నిమిషాలు వేసి ఉంచితే వెంట్రుక నాని సులువుగా తెగుతుంది. ఎడమ చేత్తో చర్మాన్ని కాస్త లాగి పట్టి, వెంట్రుక వాలిన దిక్కుగా, రేజరు బరువుతోనే లాగండి, మీ బలం కలపకండి. రక్తం పల్చబడే మందులు వాడేవారికైతే కరెంటు రేజరు మేలు. ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడొద్దు. వాడేసిన బ్లేడును చెత్తలో ఊరికే విసరకండి, అట్టపెట్టెలో పెట్టి పారెయ్యండి. చెత్త ఏరే చేతికి ఏ అడ్డుపట్టీ ఉండదు.

సామెత కట్టిన పెద్దమనిషి చెప్పినదాంట్లో కత్తి సంగతి ఇలా తేలింది. మెత్తన కాగలదు, పట్టుకున్న చెయ్యి మెత్తనైతే. అత్త సంగతి తేల్చే భారం మీమీదే పెడుతున్నాను.