పర్షియన్ పిల్లి: బొచ్చు వెనుక చరిత్ర



మన సరిహద్దు ఊళ్లలో కన్నడంలో బెక్కు అన్నా, తెలుగులో పిల్లి అన్నా అందరికీ తెలిసిన జీవే. గాదెలో ధాన్యం ఉన్న ఇంట పిల్లి తప్పనిసరిగా ఉండేది. ఎలుకల్ని పట్టేది, పోసిన పాలు తాగేది, తన ఒళ్లు తానే నాకి శుభ్రం చేసుకునేది. దాన్ని మనం పెంచామనడం కంటే, అది మన ఇంట బతికిందనడమే నిజం. ఇప్పుడు మన ఊళ్లకు మరో పిల్లి వస్తోంది. ఒళ్లంతా పొడవాటి బొచ్చు, గుండ్రటి ముఖం, నొక్కుకుపోయిన ముక్కు. అదే పర్షియన్ పిల్లి. పిల్లలు చూడగానే కావాలని మారాం చేస్తారు. తెచ్చుకునే ముందు దాని చరిత్ర కొంచెం విందాం. దాన్ని ఎలా చూసుకోవాలో ఆ చరిత్రే చెబుతుంది.

1620 ప్రాంతంలో పియెత్రో దెల్లా వాల్లే అనే ఇటలీ యాత్రికుడు పర్షియాలో ఉన్నాడు. ఖొరాసాన్ ప్రాంతపు పిల్లుల్ని గురించి తన ఉత్తరాల్లో వర్ణించాడు. బూడిద రంగు, పట్టులాంటి పొడవాటి వెంట్రుకలు, ఉడుతలా వీపు మీదికి ఎత్తిపట్టే కుచ్చుతోక, సాధు స్వభావం. నాలుగు జతల్ని స్వదేశానికి తీసుకుపోవాలని ఆశపడ్డాడు. ఈయన మనకు పూర్తిగా పరాయివాడు కాదు. 1623లో కన్నడదేశం వచ్చి, నేటి శివమొగ్గ జిల్లాలోని ఇక్కేరిలో కెళది వెంకటప్ప నాయకుని కొలువు చూసి రాసినవాడు ఈయనే.

టర్కీలోని అంగోరా నుంచి, అంటే నేటి అంకారా నుంచి కూడా పొడుగుబొచ్చు పిల్లులు ఐరోపా చేరాయి. ఇంగ్లండులో ఈ రెండు రకాలూ కలిసిపోయాయి. 1871 జూలై 13న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పెద్ద పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. ప్రదర్శనలు పెరిగాయి, బహుమతులు వచ్చాయి. బహుమతుల కోసం పెంపకందారులు బొచ్చు ఇంకా ఒత్తుగా, ముఖం ఇంకా గుండ్రంగా, ముక్కు ఇంకా పొట్టిగా ఉన్న పిల్లుల్నే ఎంచి జత కట్టించారు. 2008లో వెలువడిన ఒక జన్యు పరిశోధనలో, నేటి పర్షియన్ పిల్లి మధ్యప్రాచ్యపు పిల్లుల కంటే పశ్చిమ ఐరోపా పిల్లులకే దగ్గర అని తేలింది. అంటే పేరు పర్షియాది, రూపం మాత్రం మనుషులు కోరి తయారు చేసుకున్నది.

కోరి చేసినదానికి బాధ్యత కూడా మనుషులదే కదా! ఆ బొచ్చును పిల్లి తన నాలుకతో చక్కబెట్టుకోలేదు. రోజూ ఇనుప దువ్వెనతో మనమే దువ్వాలి. ఇది నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒక వేసవిలో పదో తరగతి పేపర్లు దిద్దడానికి పొరుగూరు వెళ్లి రెండు వారాలు ఉండిపోయాను. ఇంట్లోవాళ్లు మా పిల్లికి వేళకు తిండి పెట్టారు, దువ్వడం మాత్రం మరిచారు. తిరిగివచ్చి చూస్తే పొట్ట కింద, చెవుల వెనుక బొచ్చు గోనెపట్టాలా అట్ట కట్టింది. ఎప్పుడూ కసరని పిల్లి, చేయి వేస్తే కసిరింది. పొగరు అనుకున్నాను, అది నొప్పి. పశువైద్యుడు బొచ్చు గొరిగితే కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. తప్పు నాది, బాధ దానిది.

స్వభావం నెమ్మది. గోలా, గెంతులూ తక్కువ. ఒకచోట కూర్చుని మనిషిని చూస్తూ ఉంటుంది. ఎలుకల కోసమైతే దీన్ని తెచ్చుకోకండి. ముక్కు నొక్కుకుపోవడం వల్ల కళ్ల నీరు చెంపల మీదికి కారుతుంది, రోజూ తడిగుడ్డతో తుడవాలి. ఊపిరి కూడా కష్టమే. బళ్లారి, రాయచూరు ఎండల్లో మేడమీది గదిలో పెట్టి తలుపు వేస్తే ప్రాణానికే ముప్పు. చల్లటి చోటు, ఎప్పుడూ నీళ్లు ఉండాలి. పెరుగన్నం దానికి చాలదు. టారిన్ అనే పదార్థం మాంసాహారం నుంచే దానికి అందాలి. అది లేకపోతే చూపూ, గుండే దెబ్బతింటాయి.

ఇంకొక మాట. ఈ జాతిలో మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ఉంది. దాని జన్యులోపాన్ని 2004లో గుర్తించారు. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఉంటే చాలు, ప్రతి కూనకూ సగం అవకాశం. కాబట్టి అమ్మేవారిని రంగు గురించి కాదు, తల్లిదండ్రులకు ఆ పరీక్ష చేయించారా అని అడగండి. రేబిస్ టీకా మరవకండి.

భయపెట్టడానికి ఇదంతా చెప్పలేదు. సరిగా చూసుకుంటే ఈ పిల్లి పన్నెండు, పదిహేనేళ్లు మీతో ఉంటుంది. అన్నేళ్లూ రోజుకో పావుగంట దువ్వెన పట్టుకునేది ఎవరో ముందే ఇంట్లో తేల్చుకోండి. ఆ మనిషి దొరికాకే పిల్లిని తెచ్చుకోండి. సెలవు.