సముద్రోపరితల గమనరీతులు: గణితపద్ధతుల చరిత్ర

సముద్రముపై తేలు చమురు, చేపగ్రుడ్లు, నదులు తెచ్చిన మంచినీరు, దారితప్పిన నావ ఏ త్రోవలఁ బోవునో, ఏ రేఖలను దాటజాలవో ప్రవాహవేగముల నుండి నిర్ణయించు గణితము ఈ శాస్త్రభాగమునకు విషయము.

తెలుగునాట దీనికి భూమికను సిద్ధపఱచినది విశాఖపట్టణము. 1952లో అమెరికా నుండి వచ్చిన యూజీన్ లాఫాండ్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారితోఁ గూడి బంగాళాఖాత జలముల ఉష్ణోగ్రతను, లవణతను కొలిచి, తీరమున అడుగునీరు పైకుబుకుటను, పైనీరు దిగుటను వర్ణించెను. తూర్పుతీర ప్రవాహము వసంతమున ఈశాన్యమునకును, వానలు వెడలిన పిదప గంగా బ్రహ్మపుత్రల నీటితో నైరృతికిని పాఱును. అయినను, ఒక్కొక్క తావున నీటివేగమును చూపు పటము, ఆ నీట పడిన వస్తువు వారమునకు ఎచట తేలునో చెప్పజాలదు. వస్తువు కదలులోపల ప్రవాహమే మాఱిపోవును.

1970లో అకిరా ఒకుబో, సుడి ప్రబలమైన తావులను సాగుదల ప్రబలమైన తావుల నుండి వేఱుచేయు ప్రమాణమును సూచించెను. 1991లో జాన్ వైస్ ప్రకటనము తోడుకాగా అది ఇరువురి పేర వ్యవహృతమైనది. సులభమగుటచే నేటికిని వాడుకలో నున్నది గాని, అది ఆ క్షణపు వేగమునే చూచును. పైగా చూచువాఁడు తిరుగుచున్నచో దాని తీర్పును మాఱును. ఇది సామాన్యదోషము గాదు. 1984లో హసన్ అరెఫ్, కాలముతో మాఱు మిక్కిలి సరళమైన ప్రవాహమునందును కణముల త్రోవలు చిక్కువడునని చూపిన పిదప, దృష్టి స్థిరబిందువులను విడిచి కణములవైపు మరలెను. ప్రక్కప్రక్కన విడిచిన రెండు కణములు నియతకాలమున ఎంత యెడమగునో తెలుపు ల్యాపునోవ్ ఘాతాంకమును గణించి, దాని శిఖరరేఖలను గుర్తించుట ప్రధానపద్ధతి యయ్యెను. కాలమున ముందునకు గణించిన రేఖలు కణములను విడదీయును. వెనుకకు గణించినవి వానిని చేరదీయును. ఇట్టివానికి 2000లో హాలర్, యువాన్‌లు లగ్రాంజీయ సంసక్త నిర్మాణములని పేరిడిరి. 2005లో షాడెన్, లెకియెన్, మార్స్‌డెన్‌లు శిఖరరేఖలనే నిర్వచనముగా గైకొనిరి. పొరలు పొరలుగా జాఱు ప్రవాహములందును శిఖరములు పుట్టును గనుక ప్రతిశిఖరమును అడ్డుగోడ కాదని వాదించి, హాలర్ 2011లో మఱింత కఠినమైన సిద్ధాంతమును నిర్మించెను. 2010 నాటి మెక్సికో సింధుశాఖ చమురుప్రమాదము ఈ పద్ధతులకు గొప్ప పరీక్షగా నిలిచినది.

తెలుగునాట హైదరాబాదు ప్రగతినగర్‌లో, 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము (ఇన్‌కాయిస్) ఉన్నది. తీరము 250 కిలోమీటర్లకు పైగా దూరమైనను అది వింత గాదు: ఇచట పని అలలతో గాక, ఉపగ్రహములతోను గణకయంత్రములతోను. జాలరులకు ఇచ్చు మత్స్యక్షేత్ర సూచనలు నీటి ఉష్ణోగ్రతను, పత్రహరితమును ఆధారముగాఁ గొన్నవి. 2016లో వెలసిన 'సరత్' అను గాలింపుసాధనము కణములనే అనుసరించును గాని శిఖరరేఖలను వెదకదు; వస్తువు తుదిసారి కనబడిన చోటినుండి పెక్కు కల్పితకణములను గాలికిని ప్రవాహమునకును విడిచి, అది దొరకగల ప్రదేశమును సంభావ్యతనుబట్టి గుర్తించును.