తెలుగు నేల మీద చరకాంతి తారల పరిశీలన

వెలుగు నిలకడగా ఉండని నక్షత్రాలను చరకాంతి తారలు అంటారు. కొన్ని పొంగుతూ కుంచించుకుంటూ ఉండటం వల్ల మారతాయి. జంటగా తిరిగేవాటిలో ఒకటి రెండోదానికి అడ్డు వచ్చినప్పుడూ వెలుగు తగ్గుతుంది. కొన్ని తారలు ఉన్నట్టుండి భగ్గుమంటాయి.

దక్షిణ భారతంలో ఈ పరిశీలన మద్రాసు వేధశాలలో మొదలైంది. తారల వెలుగులో ఒక తరగతికీ తర్వాతి తరగతికీ 2.512 రెట్ల తేడా ఉండాలని 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్, 1861లో అక్కడికి ఖగోళవేత్తగా వచ్చాడు. 1863లో వృశ్చికరాశిలో యు స్కార్పీ అనే నవ్యతారను కనుగొన్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులీ అనే చరకాంతి తారను పట్టుకున్నాడు. ఆధునిక పద్ధతిలో ఒక భారతీయుడు చేసిన తొలి ఆవిష్కరణల్లో ఇది ఒకటి. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

మరుసటి ఏడాది, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగు ప్రాంతాల మీదుగా సాగింది. పాగ్సన్ మచిలీపట్నంలో, రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలో, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో పరిశీలనకు దిగారు. వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శిని సూర్యుడి అంచున లేచే జ్వాలలు మండే వాయువులని ఆ రోజు తేల్చింది. వెలుగెంతో కొలిచే పనికి, ఆ వెలుగులో ఏముందో చదివే పని అలా తోడైంది.

నిజాం రాజ్యానికి సొంత వేధశాల ఒక ఔత్సాహికుడి వల్ల వచ్చింది. నవాబు జాఫర్ జంగ్ 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండలో దాన్ని నెలకొల్పాడు. 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించాడు. ఆయన మరణానంతరం 1908లో ప్రభుత్వం ఆ వేధశాలను స్వీకరించింది, తర్వాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. నేటి జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల ప్రాంతాలన్నీ అప్పట్లో ఆ రాజ్యంలోనివే. హైదరాబాదుకూ వీటికీ అక్షాంశంలో తేడా చాలా తక్కువ కాబట్టి బేగంపేటలో పరిశీలించిన ఆకాశమే దాదాపుగా ఈ ఊళ్ల మీదా కనిపిస్తుంది.

నిజామియాగా పేరొందిన ఈ వేధశాలకు 1918 నుంచి 1944 దాకా టి.పి. భాస్కరన్ నాయకత్వం వహించాడు. ఆకాశ పటాల తయారీ అంతర్జాతీయ బాధ్యత కావడంతో ప్రధాన శ్రమ దానికే పోయింది. అయినా 15 అంగుళాల దూరదర్శినితో చరకాంతి తారలను చూడటం ఆయన కాలంలోనే ఆరంభమైంది. ఆ పనికి యంత్రం కన్నా అలవాటైన కన్ను ముఖ్యం. వెలుగు తెలిసిన రెండు తారలను ఎంచుకుని, చూస్తున్న తార వాటి మధ్య ఎక్కడ నిలుస్తుందో అంచనా వేసి, తేదీతో, గంటతో రాయాలి. ఒక్క రాత్రి అంచనాకు విలువ తక్కువ. ఏళ్ల తరబడి రాసిన అంకెలను గీతగా గీస్తేనే తార స్వభావం తెలుస్తుంది.

ఆ వేధశాల సహాయకుల్లో ఒకరి కొడుకు వైను బప్పు. నిజాం కళాశాలలో చదువుతూనే అతను చరకాంతి తారలను పరిశీలించాడు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడయ్యాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, చల్లని తారల వర్ణపటంలోని కాల్షియం రేఖ వెడల్పును బట్టి వాటి అసలు కాంతిని తెలుసుకోవచ్చని చూపించాడు. నిజామియాలో చుక్కల వెలుగు తూకం వేసిన కుర్రవాడు ఆ వెలుగు అంతరార్థం దాకా వెళ్లాడన్నమాట.

భాస్కరన్ తర్వాత వచ్చిన అక్బర్ అలీ కంటి అంచనా స్థానంలో కాంతివిద్యుత్ కొలతను ప్రవేశపెట్టాడు. బేగంపేట చుట్టూ నగరం పెరగడంతో ఆయన తలపెట్టిన పెద్ద దూరదర్శినికి ఊరవతల చోటు వెతకాల్సి వచ్చింది. 1960 తర్వాత కె.డి. అభ్యంకర్ నేతృత్వంలో, హైదరాబాదుకు ఆగ్నేయంగా ఉన్న జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని 1968లో పని మొదలుపెట్టింది. అక్కడ ఒకదానినొకటి కప్పుకునే జంట తారల మీద ఎక్కువ కృషి జరిగింది. వెలుగు తగ్గుదల నుంచి తారల పరిమాణాలు, వర్ణపట రేఖల జరుగుడు నుంచి వాటి వేగాలు తెలుస్తాయి. రెండూ కలిస్తే ద్రవ్యరాశి లెక్క తేలుతుంది.

ఈ రెండు కొలతలూ కలిసి నడవాలని 2020లో ఆర్ద్రా నక్షత్రం మరోసారి నిరూపించింది. రైతులు ఆరుద్ర కార్తె పేరుతో ఎరిగిన ఈ ఎర్రని తార ఆ ఫిబ్రవరిలో తన మామూలు వెలుగులో మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది. పేలబోతోందన్న ప్రచారం సాగింది. వర్ణపటం చూస్తే ఉష్ణోగ్రత అంతగా తగ్గలేదు. తార విడిచిన పదార్థం ధూళిగా మారి వెలుగును అడ్డుకోవడమే ప్రధాన కారణమని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు.

ఆర్ద్రను గమనించడానికి దూరదర్శిని అక్కర్లేదు. చలికాలపు రాత్రుల్లో రోహిణితోనూ ప్రోసియాన్ అనే తారతోనూ పోల్చి రాస్తే చాలు. జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో ఇంకా మిగిలి ఉన్న చీకటి ఇందుకు అనుకూలం. పాఠశాలల ఉపాధ్యాయులు విద్యార్థుల చేత ఈ పని చేయించాలి. 1911లో ఏర్పడిన అమెరికా చరకాంతి తారల పరిశీలకుల సంఘం నేటికీ కంటితో చేసిన అంచనాలను ఏ దేశం నుంచైనా స్వీకరిస్తోంది.