కళాయి పని - మన ఉస్తాదుల విద్య

ఆదోని అనగానే మనవాళ్ళు కోటను గురించి, సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదును గురించి చెబుతారు. మంచిదే. ఆ కోట కింది మొహల్లాల్లో రాగిపాత్రలకు కళాయి పూసి పొట్ట పోసుకొన్నవాళ్ళదీ చరిత్రే గదా!

అరబ్బీలో తగరానికి ‘ఖలఈ’ అని పేరు. మలయా తీరాన ఉండిన ‘కలహ్’ రేవు పేరు మీదుగా ఆ మాట వచ్చిందని పండితులు చెబుతారు. అదే ఉర్దూలో ఖలయీ, తెలుగులో కళాయి. అక్బరు వంటశాలలో రాగిపాత్రలకు నెలకు 2 సార్లు కళాయి వేసేవారని 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ ‘ఆయీనె అక్బరీ’లో వ్రాసినాడు. కారణం మన ఇండ్లలో ఆడవాళ్ళకు తెలిసిందే. కళాయి పోయిన పాత్రలో చింతపండు పులుసు కాచితే చిలుమెక్కి, తిన్నవాళ్ళకు వాంతులవుతాయి.

షాగిర్దుగా చేరిన పిల్లవానికి మొదటనే తగరం చేతికియ్యరు. పాత్రలో ఇసుక పోసి, అందులో నిలబడి, కాళ్ళతో గిరగిర తిరుగుతూ తోమవలె. తరువాత తిత్తి పట్టి బొగ్గులకు గాలి వెయ్యవలె. పాత్ర కాగినాక ఉస్తాదు నవాసాగరం పొడి చల్లుతాడు, తెల్లని పొగ లేస్తుంది. తగరం కడ్డీ తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే వెండి మాదిరి మెరుస్తుంది. పత్తి ఊరు ఆదోనిలో దూదికేమి కరువు! వేడి తక్కువైతే తగరం గడ్డకడుతుంది, ఎక్కువైతే దూదే అంటుకొంటుంది.

ఎమ్మిగనూరులో మగ్గం పనివాళ్ళకు మాచాని సోమప్ప గారు 1938లో సహకార సంఘం పెట్టినారు, ఆ పేరు నిలిచింది. కళాయి ఉస్తాదుల పేర్లు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. స్టీలు సామాను వచ్చినాక పనీ తగ్గిపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు నల్లటి చేతులతో బడికి వచ్చేవాడు. “ఈ చేతులతో కితాబు ముట్టుకొంటావా?” అని గదమాయిస్తిని. ఒకరోజు తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుందని పాఠం చెప్తుంటే లేచినాడు. “సార్, డిగ్రీలు కంటికి కనబడవు గదా! మా మామూ పొగ చూసి చెప్తాడు.”

జవాబు దొరకలేదు. సాయంత్రం వాని వెంట ఆ మామూ కొలిమి దగ్గరికే పోయినాను. ఆయన నవ్వి తిత్తి నా చేతికిచ్చినాడు. “ముందు గాలి వెయ్యండి, మాస్టర్ సాబ్.” నేను ఊపిన ఊపుకు తగరం మాడి, గిన్నె నిండా మచ్చలు పడినాయి. ఆయన ఏమీ అనకుండా గిన్నెను మళ్ళీ ఇసుక దగ్గరికి పంపినాడు. పిల్లవాడు దాంట్లో ఎక్కి తిరగబట్టినాడు.