అభ్యంగము: వెలయు విలువయు

తైలాభ్యంగపు గుణములను చరకుఁడు మొదలు వాగ్భటునివఱకుఁ గల వైద్యాచార్యులు విరివిగా వర్ణించిరి. నూనె పట్టిన కుండయు, తోలును, బండియిరుసును గట్టిపడి చిరకాలము నిలుచునట్లు అభ్యంగమువలన శరీరము దార్ఢ్యము నొందునని చరకుని మతము. వాగ్భటుఁడు దీనిని దినచర్యలోఁ జేర్చి, తలకును చెవులకును పాదములకును విశేషముగాఁ జేయవలెనని విధించి, కఫము ప్రకోపించినవారికిని అజీర్ణము కలవారికిని నిషేధించెను. దీని విలువ యిట్లు శాస్త్రమున నిర్ణీతమే. ఇఁక దీనికగు వెల యెట్టిది? ఆ వెలలో నూనె పాలెంత, మర్దించిన చేతి పాలెంత? ఈ ప్రశ్నమునకు సమాధానము వైద్యగ్రంథములందే కాక అర్థశాస్త్రమునందును, శాసనములందును, నాటకములందును వెదకవలసియున్నది.

మొదట నూనె మాట విచారింతము. కౌటిల్యుఁడు కోష్ఠాగారాధ్యక్షుని విధులఁ జెప్పుచు, నువ్వులనుండి వచ్చు తైలము నాలవపాలని లెక్క కట్టెను. అవిసెకు ఆఱవపాలే. ఇది వట్టి నూనె. ఔషధతైలమునకు శార్ఙ్గధరసంహితలోని సామాన్యపరిభాషను బట్టి కల్కమునకు నాలుగురెట్లు తైలమును, తైలమునకు నాలుగురెట్లు ద్రవమును గావలెను. అనఁగా శేరు తైలమునకు పావుశేరు కల్కమును నాలుగుశేర్ల కషాయమో పాలో పట్టును. ఆ శేరు నూనె యాడుటకే ముందు నాలుగుశేర్ల నువ్వులు పోయినవి. ద్రవమంతయు నింకువఱకు సన్నని మంటపైఁ గాచుచు, పాకము మృదువో మధ్యమో ఖరమో కనిపెట్టుచుండవలెను. నస్యమునకు మృదుపాకమును, అభ్యంగమునకు ఖరపాకమును దగును. క్షీరబలాతైలమును 101 మాఱులు మరల మరలఁ బాకము చేయు సంప్రదాయము కలదు. అందు వ్యయమగు పాలను, కట్టెలను, దినములను దలఁచిన, వైద్యుని యింట తైలపాత్రము ధనపాత్రమే యని తోఁచును.

నూనె యింత ప్రియమగుటచేతనే దానికి లెక్కయు గౌరవమును గలిగినవి. 11వ శతాబ్దిలో వేంగి నేలిన రాజరాజ చోడగంగుని టేకి తామ్రశాసనము తెలికివారికి, వివాహవేళ గుఱ్ఱమెక్కి వీథుల నూరేఁగు మర్యాద నొసఁగినది. అదే శతాబ్దిలో వీరరాజేంద్రచోళుఁడు తిరుముక్కూడలు దేవాలయమున వేయించిన తమిళశాసనము, 15 పడకలు గల యాతురశాలను వర్ణించుచు, అందు నిలువయుంచవలసిన ఘృతములను తైలములను పేరుపేరునఁ బేర్కొన్నది. వైద్యునికి ఏఁటికి 90 కలముల వడ్లును 8 కాసులును నిర్ణయింపఁబడెను. శస్త్రచికిత్స చేయువాఁడు, మూలికలు దెచ్చువారు, పరిచారికలు, మంగలి యను వారును పట్టికలో నున్నారు; వారి జీతములు వైద్యుని జీతముకంటెఁ జాలఁ దక్కువ. తైలములకుఁ బేళ్లున్నవి గాని, వానిని రోగి మేనఁ బట్టించుట యెవరి పనియో ప్రత్యేకముగాఁ జెప్పఁబడలేదు. తెలుఁగునాట కాకతి రుద్రమదేవికాలపు మల్కాపుర శాసనము (శక సం. 1183, క్రీ.శ. 1261) గోళకీమఠమునకు ననుబంధముగా ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను దెలుపుచున్నది. ప్రసూతిశాల యున్నచోట బాలింతలకు నూనెయంటిన చేతులును ఉండియేయుండును. అవి యెవరివో మన మూహింపవలసినదే.

శాస్త్రము మాత్ర మీచేతి నుపేక్షింపలేదు. వైద్యుఁడు, ఔషధము, పరిచారకుఁడు, రోగి యను నాలుగును చికిత్సకుఁ బాదములని చరకుని సిద్ధాంతము. పరిచారకునికి ఉపచారజ్ఞానము, నేర్పు, రోగియెడ ననురాగము, శౌచము అను నాలుగు గుణములు విధింపఁబడినవి. వేఱొక యధ్యాయమున, శోధనచికిత్సకు ముందు సమకూర్పవలసిన పరిజనములో వంటవానితోను స్నానము చేయించువానితోను పాటు సంవాహకుఁడు, అనఁగా ఒడలు పిసుకువాఁడు, స్పష్టముగాఁ బేర్కొనఁబడెను. శాస్త్రమున నాలుగు పాదములలో నొకటియగు పరిజనము జీతపుఁ బట్టికలో నట్టడుగునఁ బడినది. ఈ వ్యత్యాసమే యీ చరిత్రమున గమనింపవలసిన ముఖ్యాంశము.

రాజుల భోగములందును ఈ రీతియే కనఁబడును. కల్యాణమునేలిన చాళుక్య మూఁడవ సోమేశ్వరుఁడు మానసోల్లాసమున నిరువది యుపభోగములఁ జెప్పుచు, స్నానభోగమును పాదాభ్యంగభోగమును వేర్వేఱుగా నుంచెను. శ్రీకృష్ణదేవరాయలు ప్రతిదినము తెల్లవాఱకమున్నే నువ్వులనూనెఁ ద్రావి, మేనెల్లఁ బూసికొని, బరువు లెత్తి, కత్తి సాముచేసి, నూనె యంతయుఁ జెమటగాఁ బోవువఱకు శ్రమించి, మల్లునితోఁ బెనఁగి, గుఱ్ఱపుస్వారి చేసి, పిదప స్నానమాడుచుండెనని పోర్చుగీసు యాత్రికుఁడు పయసు వ్రాసెను. త్రావిన నూనెకు కొలత చెప్పిన యా యాత్రికుఁడు, స్నానము చేయించిన బ్రాహ్మణుని పేరు చెప్పలేదు.

ఒడలు పిసుకువాఁడు తన నోటఁ దన కథఁ జెప్పుకొనుట శూద్రకుని మృచ్ఛకటికమున గలదు. సంవాహకుఁడు పాటలీపుత్రమున గృహస్థుని కుమారుఁడు. కళగా నేర్చిన విద్య ఉజ్జయినిలోఁ బొట్టకూటికైనదని వసంతసేనతో వగచును. చారుదత్తునివంటి రసికుఁడు ప్రభువుగా నున్నంతకాలము ఆ కళకు విలువ యుండెను. ప్రభువు దరిద్రుఁడు గాఁగా సేవకుఁడు జూదరియై పది సువర్ణముల ఋణమునఁ జిక్కెను. వెలకును విలువకును నడుమ నలిగిన వాని దైన్యమును కవి యొక్క మాటలోఁ జూపెను. ఆ సంవాహకుఁడే భిక్షువై, పిదప మృతప్రాయయైన వసంతసేనను సేదదేర్చును.

మన పల్లెలలో ఈ పని మంగలివారిది, మంత్రసానులది, ఇంటి ముసలమ్మలది. మొదటివారికిఁ గళ్లమున మేరయు, పండుగకు మామూలును ముట్టెడివి. కడపటివారికి నదియు లేదు. పసిబిడ్డకు నలుగుపెట్టి కాళ్లపైఁ బరుండఁబెట్టుకొని నీళ్లు పోయు నేర్పును ఏ లెక్కలోను వ్రాయరైరి. 1902లో వైద్యరత్న పి. ఎస్. వారియరు కోటక్కలున ఆర్యవైద్యశాలను స్థాపించినపిదప, కేరళమున సిద్ధతైలములు విరివిగా అంగడిసరకులైనవి. నేఁడు అభ్యంగమును గంటల లెక్కను విక్రయించుచున్నారు. గోరువెచ్చని తైలమును మేన ధారగాఁ బిండు పిళిచ్చిలు వంటి చికిత్సలకుఁ బలువురు పరిచారకు లొక్కసారిగాఁ గావలయును. నూనె నంగడిలోఁ గొనవచ్చును. పరిచారకునికిఁ జరకుఁడు విధించిన నేర్పును అనురాగమును సీసాలోఁ బోసి యమ్మరాదు.

కావున అభ్యంగపు వెలను విచారించువారు తైలపు ధరతోనే తృప్తి నొందరాదు. గ్రామకైఫీయత్తులను, మేరల లెక్కలను, ఆలయపుఁ బట్టికలను బరిశోధించు పండితులు, మంగలి, మంత్రసాని, పరిచారిక యను పేళ్లు కనఁబడినచో వారి పాలెంతయో యెత్తివ్రాసి ప్రకటించినయెడల, చికిత్సాచతుష్పాదమున మఱపునఁబడిన పాదమునకుఁ జరిత్ర దొరకును.